షార్ట్ ఫిల్మ్‌కు అవుట్‌డోర్ లొకేషన్ వెతుకుతున్నారా? జేబులో ఉన్న ఫోన్‌తోనే ఇలా స్కౌటింగ్ చేయండి

ఫోన్‌తో సినిమా తీయడం ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. 2015లో వచ్చిన ‘టాంజరిన్’ సినిమాను షాన్ బేకర్ లాస్ ఏంజెలిస్ వీధుల్లో ఐఫోన్ 5ఎస్‌లతో తీశారు. ఈరోజు మీ చేతిలో ఉన్న మిడ్ రేంజ్ ఫోన్ కెమెరా అంతకంటే చాలా ముందుంది. అంటే కాలేజీ షార్ట్ ఫిల్మ్‌కి కెమెరా పెద్ద సమస్య కాదు. అసలు సమస్య లొకేషన్ దగ్గర మొదలవుతుంది.

ఒకసారి ఊహించుకోండి. ఆదివారం ఒక్కరోజే షూట్. ఎనిమిది మంది ఫ్రెండ్స్ పనులు మానుకుని వచ్చారు. మైకు ఒక రోజు అద్దెకు తెచ్చారు. తీరా లొకేషన్‌కి వెళ్తే పక్కనే ఫంక్షన్ హాల్లో డీజే, హీరో మొహం మీద నల్లటి నీడలు, గంటలోపే సెక్యూరిటీ గార్డు వచ్చి ‘ఎవరిని అడిగి తీస్తున్నారు?’ అన్నాడు. ఆ రోజు పోతే అదే టీమ్‌ని మళ్లీ కూడగట్టడం ఎంత కష్టమో స్టూడెంట్ ఫిల్మ్ తీసినవాళ్లకి తెలుసు. చాలా షార్ట్ ఫిల్మ్‌లు సగంలో ఆగిపోయేది ఇక్కడే.

అందుకే ఈ ఆర్టికల్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: లొకేషన్ అంటే చోటు మాత్రమే కాదు, చోటు ప్లస్ టైమ్. ఉదయం 7కి బ్రహ్మాండంగా ఉన్న సందు, మధ్యాహ్నం 1కి అసలు పనికిరాకపోవచ్చు. ఆ తేడాను ముందే కనిపెట్టడమే స్కౌటింగ్. దానికి కావాల్సిన టూల్స్ అన్నీ మీ ఫోన్లోనే ఉన్నాయి. ఎలాగో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్టెప్ 1: స్క్రిప్ట్‌ని లొకేషన్ లిస్టుగా మార్చండి

ముందు బయటికి వెళ్లకండి. స్క్రిప్ట్ తీసుకుని ప్రతి సీన్ పక్కన మూడు విషయాలు రాయండి: ఆ సీన్ ఏ టైమ్‌లో జరుగుతుంది, డైలాగ్ ఉందా లేదా, ఫ్రేమ్‌లో ఎంతమంది ఉంటారు. డైలాగ్ ఉన్న సీన్‌కి నిశ్శబ్దం ముఖ్యం. డైలాగ్ లేని సీన్‌ని ట్రాఫిక్ మధ్యలో కూడా తీసేయొచ్చు.

తర్వాత లొకేషన్ల సంఖ్య తగ్గించండి. ఆరు నిమిషాల ఫిల్మ్‌కి ఆరు లొకేషన్లు అక్కర్లేదు. రెండు, మూడు చాలు. పార్కులో రాసుకున్న సీన్ చెరువు కట్ట మీద జరిగితే కథకి నష్టమా? కాకపోతే కలిపేయండి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారిన ప్రతిసారీ సామాను సర్దడం, బైకులు, ఆటోలు అంటూ గంట ఈజీగా పోతుంది.

బడ్జెట్ లేనివాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. ముందు లొకేషన్ దొరికించుకుని, దానికి తగ్గట్టు కథ రాసుకోవడం. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఆ ప్రాంతంలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీసిన సినిమా. మీ తాతగారి ఊరు, మీ మేనమామ కొట్టు, మీ వీధి చివర ఇస్త్రీ బండి... మీకు తలుపు తెరిచే చోట్ల లిస్టు రాయండి. అదే మీ అసలు బడ్జెట్.

స్టెప్ 2: ఇంట్లో కూర్చునే సగం పని పూర్తి చేయండి

గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ ఆన్ చేసి మీ ఏరియా చూడండి. నచ్చిన ప్రతి చోటునీ ‘షార్ట్ ఫిల్మ్’ అని ఒక లిస్టు పెట్టి అందులో సేవ్ చేయండి. లిస్టును టీమ్ అందరికీ షేర్ చేయొచ్చు. ఊళ్లవైపు వెళ్తుంటే ఆ ఏరియా ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా డౌన్‌లోడ్ చేసుకోండి.

మ్యాప్‌లో అందరూ దూరం చూస్తారు. మీరు దిక్కులు చూడండి. తూర్పు–పడమర వెళ్లే సందులో ఉదయం, సాయంత్రం ఎండ సందు పొడవునా పడుతుంది. మనిషి వెనక నుంచి వెలుగు వచ్చే షాట్లకి ఇది సూపర్. ఉత్తరం–దక్షిణం వెళ్లే సందులో రెండు పక్కలా ఇళ్లుంటే ఉదయం, సాయంత్రం నీడే ఉంటుంది. వెలుగు సమంగా పడుతుంది కాబట్టి డైలాగ్ సీన్లకి ఇదే బెస్ట్.

మనకి తెలిసిన చోట్లతోనే చూద్దాం. హైదరాబాద్ ట్యాంక్ బండ్ రోడ్డు హుస్సేన్ సాగర్‌కి తూర్పు వైపున ఉంది. అందుకే అక్కడ నిలబడి చూస్తే సాయంత్రం సూర్యుడు నీళ్లమీదుగా దిగుతాడు. అదే నెక్లెస్ రోడ్డు నీళ్లకి పడమటి ఒడ్డున ఉంది కాబట్టి, అక్కడ నీళ్లమీద కనిపించేది సూర్యోదయం. చెరువు ఒకటే, ఒడ్డు మారితే మీ షూట్ టైమే మారిపోతుంది.

విశాఖ ఆర్కే బీచ్ సంగతి ఇంకా క్లియర్. ఆంధ్ర తీరం తూర్పు వైపు చూస్తుంది. సముద్రంలోంచి సూర్యుడు ఉదయిస్తాడు, సముద్రంలో మునగడు. స్క్రిప్ట్‌లో ‘సముద్రంలో సూర్యాస్తమయం’ అని రాసుకుంటే రెండే దారులు. సీన్ మార్చండి, లేదా తెల్లవారుజామునే వెళ్లి సూర్యోదయాన్నే సాయంత్రంగా చూపించండి. సినిమావాళ్లు ఎప్పటినుంచో వాడే ట్రిక్కే ఇది. పైగా ఉదయం పూట జనం తక్కువ, సాయంత్రమైతే ఎండ సిటీ బిల్డింగుల వెనక్కి ముందే వెళ్లిపోతుంది.

స్టెప్ 3: వెలుగు లెక్క

సూర్యుడి దారి చూపించే యాప్స్ ఉన్నాయి. సన్ సర్వేయర్, సన్ సీకర్, ఫొటోపిల్స్ లాంటివి. తేదీ సెట్ చేసి ఫోన్ కెమెరాని ఆకాశం వైపు పెడితే ఆ రోజు సూర్యుడు ఏ చెట్టు వెనకో, ఏ బిల్డింగ్ వెనకో ఎన్నింటికి దిగుతాడో స్క్రీన్ మీద గీత గీసి చూపిస్తాయి. చిన్న జాగ్రత్త: మాగ్నెటిక్ కవర్, మాగ్నెటిక్ మౌంట్ ఉంటే తీసేయండి. ఫోన్‌లోని దిక్సూచి తప్పు చూపిస్తుంది. ఓపెన్ చేయగానే ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా రెండుసార్లు తిప్పండి.

ఇప్పుడు అందరూ పొరబడే విషయం. ‘గోల్డెన్ అవర్’ అనగానే గంట టైమ్ ఉందనుకుంటారు. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి నేలకి దిగేవరకు ఉండే బంగారు రంగు వెలుగునే సాధారణంగా అలా అంటారు. యూరప్‌లాంటి ఉత్తరాది దేశాల్లో సూర్యుడు ఏటవాలుగా, నిదానంగా దిగుతాడు. మన దగ్గర దాదాపు నిటారుగా దిగుతాడు. హైదరాబాద్, విశాఖ ఉన్న 17 డిగ్రీల అక్షాంశంలో ఆ 6 డిగ్రీలు దిగడానికి పట్టేది సుమారు 25 నుంచి 30 నిమిషాలే. అంటే మన ‘గోల్డెన్ అవర్’ నిజానికి అరగంట. ఆ అరగంటలో పది షాట్లు ప్లాన్ చేస్తే మూడు తీసేసరికే చీకటి పడుతుంది.

ఇదే కారణంతో ఇంటర్నెట్‌లో కనిపించే ఇంకో చిట్కా కూడా మన దగ్గర సరిపోదు. చెయ్యి చాపి సూర్యుడికి, నేలకి మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడాలి, ఒక్కో వేలు 15 నిమిషాలు అంటారు. మన ఆకాశంలో ఒక్కో వేలికి 7, 8 నిమిషాలే లెక్కేసుకోండి. నాలుగు వేళ్లంటే అరగంట.

సీజన్ కూడా చూడాలి. హైదరాబాద్‌లో డిసెంబర్ మధ్యలో సూర్యాస్తమయం 5:45 ప్రాంతంలో, జూన్ చివర్లో 6:50 దాటాక. విశాఖలో ఇంకో 20 నిమిషాల ముందే. డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, మొహం మీద వెలుగు పక్కనుంచి పడుతుంది. అదే మే నెల మొదట్లో సూర్యుడు హైదరాబాద్‌లో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కళ్ల కింద, ముక్కు కింద నల్లటి మచ్చల్లా నీడలు పడతాయి. ఆ టైమ్‌లో ఓపెన్‌లో డైలాగ్ సీన్ పెట్టకండి.

మరి మధ్యాహ్నం ఊరికే కూర్చోవాలా? అక్కర్లేదు. నీడ వెతకండి. ఇంటి అరుగు, వసారా, పెద్ద వేపచెట్టు, గుడి మండపం. నీడలో మనిషి, ఎదురుగా ఎండపడే సున్నం వేసిన గోడ ఉంటే ఆ గోడే మీకు ఫ్రీ రిఫ్లెక్టర్. లేకపోతే స్టేషనరీ షాపులో ఒక తెల్ల థర్మాకోల్ షీట్ కొనండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆకుల సందుల్లోంచి మొహం మీద చుక్కలు చుక్కలుగా ఎండ పడే చెట్టు వద్దు, దట్టమైన నీడే కావాలి.

స్టెప్ 4: కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి

స్కౌటింగ్‌లో అందరూ ఫొటోలు తీస్తారు. సౌండ్ రికార్డ్ చేసేవాళ్లు తక్కువ. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రికార్డ్ చేయండి. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చెవికి అలవాటైపోయి పట్టించుకోని బోరు మోటారు, దూరపు హైవే, ట్రాన్స్‌ఫార్మర్ రొద అన్నీ అందులో బయటపడతాయి.

ఫ్రీ డెసిబెల్ మీటర్ యాప్‌లు ఉన్నాయి కానీ, ఫోన్ మైకులు కచ్చితమైన కొలతకి తయారైనవి కావు. అయితే ఒకే ఫోన్, ఒకే యాప్‌తో రెండు చోట్లని పోల్చడానికి బాగా పనికొస్తాయి. మామూలు మాట మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. చుట్టూ ఉన్న శబ్దమే 55 చూపిస్తే డైలాగ్ అందులో మునిగిపోతుంది. 45 లోపు ఉంటే హాయిగా తీయొచ్చు.

తప్పనిసరిగా రణగొణ ఉన్న చోటే తీయాల్సి వస్తే మైకుని నోటికి దగ్గర చేయండి. దూరం సగం చేస్తే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే ఫోన్‌ మైకు కంటే చొక్కాకి పెట్టుకునే చిన్న కాలర్ మైకు ఎంతో మేలు. గాలి ఎక్కువుండే చెరువు కట్ట, బీచ్‌లకి మైకు మీద వేసే బొచ్చు కవర్ మర్చిపోకండి.

యాప్ చెప్పలేనివి మనుషులు చెబుతారు. అక్కడి టీ కొట్టులో టీ తాగుతూ ‘అన్నా, ఇక్కడ సాయంత్రం రష్ ఎప్పుడు మొదలవుద్ది?’ అని అడగండి. ‘పెద్దమ్మా, ఈ బోరు ఎప్పుడు వేస్తారు?’ అని అడగండి. గుడి మైకు, అజాన్, స్కూల్ బెల్, వారం సంత, ఏ నెలలో జాతర... అన్నీ ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి. ఆ పలకరింపే షూట్ రోజున మీకు సపోర్ట్ కూడా అవుతుంది.

స్టెప్ 5: ఏ లెన్స్‌తో తీస్తారో ఆ లెన్స్‌తోనే చూడండి

స్కౌటింగ్ ఫొటోలు అల్ట్రావైడ్‌లో తీస్తే ఇరుకు సందు కూడా మైదానంలా కనిపిస్తుంది. షూట్ రోజు మెయిన్ లెన్స్ పెట్టగానే షాక్ తగులుతుంది. కాబట్టి మెయిన్ లెన్స్, 2ఎక్స్ రెండింట్లోనూ తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, కెమెరా లొకేషన్ ట్యాగ్ ఆన్ చేసి తీస్తే ఏ ఫొటో ఎక్కడ, ఎన్నింటికి తీశారో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ముఖ్యమైనది రివర్స్ యాంగిల్. ఇద్దరు మాట్లాడుకునే సీన్‌కి కెమెరా రెండు వైపులా పెట్టాలి. ఒకవైపు అందమైన చెరువు, రెండోవైపు సెల్ టవరూ చెత్తకుప్పా ఉంటే ఆ లొకేషన్ సగమే పనికొస్తుంది. ఎప్పుడూ వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. చివర్లో నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతూ వీడియో కూడా తీయండి. ఎడిటర్, కెమెరా పట్టే ఫ్రెండ్ రాకపోయినా చోటు అర్థమవుతుంది.

ఫోన్ విషయంలో మూడు టెస్టులు అక్కడే చేసేయండి. ఒకటి, సాయంత్రం వీధిలైట్లు ఫ్రేమ్‌లో ఉంటే మినుకుమినుకు వస్తుందేమో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేమ్స్, షట్టర్ 1/50 పెడితే చాలావరకు పోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఇవి చేత్తో సెట్ చేసుకోవచ్చు, ఫ్రీ కూడా. రెండు, పట్టపగలు 1/50 షట్టర్ పెడితే సీన్ తెల్లగా కాలిపోతుంది. ఫోన్‌కి క్లిప్ అయ్యే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, లేదా నీడలోకి మారాలి. మూడు, వేడి. ఐఫోన్‌ని 35 డిగ్రీల సెల్సియస్ లోపు వాతావరణంలోనే వాడమని యాపిలే చెబుతోంది. మన ఏప్రిల్, మే ఎండలు దానికంటే చాలా ఎక్కువ. అవే ఎండలో పది నిమిషాలు 4కే రికార్డ్ చేసి చూడండి. స్క్రీన్ డిమ్ అయినా, రికార్డింగ్ ఆగినా ఆ టైమ్‌కి నీడ లొకేషన్ ప్లాన్ చేయాలని అర్థం.

స్టెప్ 6: పర్మిషన్ – ఎవరిని అడగాలి?

ప్రైవేట్ స్థలమైతే ఓనర్‌ని అడగాలి, వాచ్‌మన్‌ని కాదు. తేదీ, టైమ్, ఎంతమంది వస్తారు అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ సంతకం, స్టాంపుతో ఒక లెటర్ ఎప్పుడూ జేబులో ఉండాలి. ఊళ్లో అయితే సర్పంచ్‌కో, పంచాయతీ కార్యదర్శికో ముందే చెప్పండి. రోడ్డు పక్కన తీస్తుంటే లోకల్ పోలీస్ స్టేషన్‌లో లెటర్ ఇవ్వండి. పబ్లిక్ ప్లేసుల షూటింగ్ పర్మిషన్ల విషయంలో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లు ఉన్నాయి.

కొన్ని చోట్లు చూడ్డానికి ఫ్రీగా కనిపిస్తాయి, షూటింగ్‌కి కావు. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోవి. టూరిస్టులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడం వేరు, సినిమా తీయడం వేరు, దానికి ముందస్తు అనుమతి కావాలి. కేబీఆర్ పార్క్ పేరుకి పార్కే కానీ నేషనల్ పార్క్, అక్కడ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. రైల్వే స్టేషన్, మెట్రో కూడా అంతే.

డ్రోన్ ఉంటే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ రెడ్ జోన్‌లో ఏ డ్రోన్‌కైనా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాల్సిందే. నౌకాదళ కేంద్రం ఉన్న విశాఖలో, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లున్న హైదరాబాద్‌లో ఈ చెక్ అస్సలు వదలకండి.

స్టెప్ 7: ఏ షాటూ ప్రాణం కంటే గొప్పది కాదు

రైలు పట్టాల మీద నడిచే షాట్ ప్రతి రెండో షార్ట్ ఫిల్మ్‌లో కనిపిస్తుంది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ చెక్ చేసుకుంటున్నవాడికి వెనక వచ్చే రైలు వినపడదు. లిస్టులోంచి పట్టాలు కొట్టేయండి. నీళ్లు నిండిన క్వారీ గుంతలు, చెరువు తూముల దగ్గరి మెట్లు, బండరాళ్ల అంచులు కూడా అంతే.

మనుషుల సౌకర్యం కూడా లొకేషన్‌లో భాగమే. బాత్రూమ్ ఎంత దూరం? ఆర్టిస్టులు బట్టలు మార్చుకునే గది ఉందా? తాగునీళ్లు, ఫోన్ చార్జింగ్, మొబైల్ సిగ్నల్? వాన వస్తే తలదాచుకునే చోటు? చీకటి పడ్డాక తిరిగి రావడానికి బస్సు ఉందా? వీటిలో రెండింటికి ‘లేదు’ అని సమాధానం వస్తే, ఎంత అందమైన చోటైనా ఇంకోటి చూసుకోవడమే మంచిది.

స్టెప్ 8: రెండోసారి వెళ్లండి

మొదటిసారి ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్లండి. రెండోసారి మాత్రం షూట్ ఏ వారం, ఏ గంటకో అదే వారం, అదే గంటకి వెళ్లాలి. ఆదివారం షూట్ అయితే బుధవారం చూసి నమ్మకండి. ట్యాంక్ బండ్, బీచ్ రోడ్డు లాంటివి ఆదివారం సాయంత్రం పూర్తిగా వేరే లోకం.

లొకేషన్ మనకోసం ఆగదు అని సత్యజిత్ రే అంతటివాడికే తెలిసొచ్చింది. 1952లో ‘పథేర్ పాంచాలి’ షూటింగ్ రెల్లు పూల పొలంలో మొదలైంది. వారం తర్వాత మిగతా సీన్ తీద్దామని వెళ్తే పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూలు పూసే సీజన్ వరకు ఆగాల్సి వచ్చింది. మీ లొకేషన్‌లో వరి కోత ఉందా, చెరువు ఎండిపోతుందా, గోడకి రంగులు వేస్తారా అని అడిగి తెలుసుకోండి. షూట్‌కి రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఇంకోసారి కనుక్కోండి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక బ్యాకప్ చోటు పెట్టుకోండి.

అన్నీ కలిపితే ఒక రోజు ఇలా ఉంటుంది

ఉదాహరణకి డిసెంబర్‌లో ఒక ఊళ్లో షూట్ అనుకుందాం. కథ: చదువుకోసం ఊరు వదిలి వెళ్తున్న కూతురు, పంపలేక పంపుతున్న తండ్రి. లొకేషన్లు మూడు, అన్నీ కిలోమీటరు లోపే.

ఉదయం 7 నుంచి 9: ఉత్తరం–దక్షిణం సందులో ఇద్దరూ నడిచే సీన్. మెత్తటి నీడ, జనం తక్కువ.

ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 2:30: ఇంటి అరుగు మీద డైలాగ్ సీన్. బయట ఎండ ఉన్నా లోపల సమమైన వెలుగు, బోరు మోటారు ఆపమని ముందే మాట తీసుకున్నారు. భోజనం కూడా అక్కడే.

సాయంత్రం 4 నుంచి 5: నీళ్లు పడమర వైపున్న చెరువు కట్ట మీద రిహార్సల్, దగ్గరి షాట్లు.

5:15 నుంచి 5:45: నీళ్లమీద ఎండ పడుతుండగా చివరి రెండు వైడ్ షాట్లు. రెండే. మూడోది పెట్టుకోకండి.

చూశారా, ఈ ప్లాన్‌లో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. సూర్యుడు ఎక్కడుంటాడో, శబ్దం ఎప్పుడు తగ్గుతుందో, ఎవరు ‘సరే’ అన్నారో ముందే తెలుసు, అంతే.

వెళ్లే ముందు ఫోన్ నోట్స్‌లో ఈ లిస్టు కాపీ చేసుకోండి

ప్రతి లొకేషన్‌కి: మ్యాప్ పిన్. ఏ టైమ్‌కి వెలుగు బాగుంది. రెండు నిమిషాల సౌండ్ ఫైల్, డెసిబెల్ రీడింగ్. మెయిన్, 2ఎక్స్ ఫొటోలు, రివర్స్ యాంగిల్, ఒక చుట్టు వీడియో. పర్మిషన్ ఇచ్చినవారి పేరు, నంబర్, సంతకం చేసిన కాగితం ఫొటో. బాత్రూమ్, నీళ్లు, చార్జింగ్, నీడ. ప్రమాదం ఉన్న చోట్లు. బ్యాకప్ చోటు.

ఈ వీకెండ్‌కి పెద్ద ప్లాన్ ఏమీ వద్దు. మీ ఇంటికి కిలోమీటరు లోపున్న మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటుకి ఉదయం 7కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5కి వెళ్లి ఒకే ఫ్రేమ్ ఫొటో తీయండి. తొమ్మిది ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. రోజూ నడిచే వీధిలోనే మీ సినిమాకి సరిపోయే గంట ఏదో అప్పుడు మీకే కనిపిస్తుంది.